కంటి గాయం మానాక మళ్లీ ఆసుపత్రికి ఎందుకు వెళ్లాలి?

దీపావళి మర్నాడు ఢిల్లీ పత్రికల్లో ఏటా తప్పకుండా కనిపించే వార్త ఒకటుంది. ఏ ఆసుపత్రికి ఎంతమంది కంటి గాయాలతో వచ్చారు, ఎంతమందికి రాత్రికి రాత్రే ఆపరేషన్ చేశారు అన్న లెక్క అది. ఎయిమ్స్‌లో 1967 నుంచి నడుస్తున్న డాక్టర్ రాజేంద్రప్రసాద్ నేత్ర విజ్ఞాన కేంద్రం, గురునానక్ నేత్ర కేంద్రం, దర్యాగంజ్‌లోని డాక్టర్ ష్రాఫ్స్ ఛారిటీ కంటి ఆసుపత్రి వంటి పేర్లు ఈ సందర్భంలో వినిపిస్తుంటాయి. హైదరాబాద్ పాఠకులకు సరోజినీదేవి కంటి ఆసుపత్రి గురించి ఇలాంటి వార్తలు చదవడం అలవాటే. రెండు రోజులకు ఆ సంగతి పాతబడుతుంది. ఆ వచ్చినవాళ్లలో ఎంతమంది మూడో నెలలో మళ్లీ ఆసుపత్రి గడప తొక్కారు, ఏడాది తర్వాత ఎంతమంది కంటి పీడనం కొలిపించుకున్నారు అన్నది ఎవరికీ వార్త కాదు.

టపాసులు ఏడాదికి ఒకసారే. వజీర్‌పూర్, మాయాపురి, ఓఖ్లా, ఫరీదాబాద్ వర్క్‌షాపుల్లో గ్రైండింగ్ మిషన్ల నుంచి ఎగిరే ఇనుప రజను, సందుల్లో క్రికెట్ బంతి, సుత్తి దెబ్బకు లేచిన ఉలి ముక్క మాత్రం రోజూ ఎవరో ఒకరి కంటిని తాకుతూనే ఉంటాయి. గాయమైన రోజు చికిత్స చాలావరకు అందుతుంది. నొప్పి, ఎరుపు, భయం మనిషిని ఆసుపత్రికి తోస్తాయి. రెండు వారాలకు ఎరుపు తగ్గి చూపు తేటపడ్డాక తోసేది ఏదీ ఉండదు. చీటీ మీద డాక్టరు రాసిన తర్వాతి తేదీ అలా గడిచిపోతుంది. కంటి లోపల కొన్ని మార్పులు మొదలయ్యేది సరిగ్గా ఆ సమయంలోనే.

ఢిల్లీ బస్తీల్లో ఏం కనిపించింది?

ఢిల్లీలోని మురికివాడల్లో కంటి గాయాలపై జరిగిన ఒక సర్వే ఫలితాలు 2008లో ఇండియన్ జర్నల్ ఆఫ్ ఆఫ్తాల్మాలజీలో వచ్చాయి. పరిశోధకులు 6,704 మందిని అడిగితే 158 మంది తమకు ఎప్పుడో ఒకప్పుడు కంటికి గాయమైందని చెప్పారు. అంటే వందకు ఇద్దరు ముగ్గురు. గాయపడినప్పటి సగటు వయసు 24 ఏళ్లు. పదింట నాలుగు గాయాలు మొద్దుగా తగిలిన దెబ్బలే. గాయపడిన కళ్లలో 11.4% చూపు కోల్పోయాయి, దాదాపు తొమ్మిదింట ఒకటి.

ఈ సర్వేలో ఒక ఫలితం మొదట విచిత్రంగా అనిపిస్తుంది. గాయమయ్యాక ఎంతసేపటికి మొదటిసారి వైద్యం కోసం వెళ్లారు అన్నదానికీ, చివరికి మిగిలిన చూపుకూ సంబంధం కనిపించలేదు. ఆలస్యమైనా ఫర్వాలేదని దీనికి అర్థం చెప్పుకోకూడదు. ఏళ్ల కిందటి సంగతులు గుర్తుచేసుకుని చెప్పిన సమాధానాలివి. గీత పడిన కన్ను, చీలిన కన్ను అన్నీ ఒకే లెక్కలో కలిశాయి. అయినా ఈ ఫలితం నుంచి నాకు ఒక విషయం ముఖ్యమనిపిస్తుంది: మొదటిసారి ఎప్పుడు వెళ్లారన్న ఒక్క ప్రశ్న కంటి భవిష్యత్తును పూర్తిగా చెప్పదు. నిపుణులు వాడే ఓక్యులర్ ట్రామా స్కోర్ కూడా ఆరు నెలల తర్వాతి చూపునే అంచనా వేస్తుంది. అమెరికా, హంగరీల్లో నమోదైన 2,500కు పైగా గాయాల ఆధారంగా 2002లో దాన్ని తయారుచేశారు. గాయమైన వారానికి ఉన్న చూపును వాళ్లు తుది ఫలితంగా తీసుకోలేదు.

గంటలే కీలకమైన గాయాలు లేకపోలేదు. నేపాల్‌లోని భక్తపూర్‌లో కార్నియా మీద గీతలు పడిన 442 మందికి గ్రామ కార్యకర్తలు మూడు రోజులపాటు క్లోరాంఫెనికాల్ ఆయింట్‌మెంట్ వేశారు. గాయమైన 18 గంటల్లోపు వచ్చిన 284 మందిలో ఒక్కరికీ పుండు పడలేదు. 18 నుంచి 24 గంటల మధ్య వచ్చిన 109 మందిలో నలుగురికి, 24 నుంచి 48 గంటల మధ్య వచ్చిన 49 మందిలో 14 మందికి పుండ్లు పడ్డాయి. వరి ఆకు గీసుకున్న రైతుకైనా, దుమ్ములో బండి నడిపే డెలివరీ కుర్రాడికైనా ఈ అంకెలు గుర్తుండాలి. ఒక్క గీత దగ్గర గడియారం గంటల్లో నడుస్తుంది. కంటి లోపలి గాయాలకు అది నెలల్లో, ఒక్కోసారి ఏళ్లలో నడుస్తుంది.

బంతి తగిలిన కంటిలో ఏం జరుగుతుంది?

కంటిగుడ్డు సుమారు 24 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న గోళం. లోపలంతా ద్రవం, జెల్లీ. ద్రవాలు నొక్కితే కుదించుకుపోవు. నీళ్లు నింపిన బెలూన్‌ను రెండు అరచేతుల మధ్య అదిమితే అది పక్కలకు ఉబ్బుతుంది కదా, బంతి వచ్చి తగిలిన కన్నూ అంతే. ముందు నుంచి వెనక్కి అణుగుతుంది, నడుము దగ్గర ఒక్కసారిగా సాగుతుంది. సెకనులో చిన్న భాగంపాటు జరిగే ఈ సాగుడుకు తట్టుకోలేక కొన్ని కణజాలాలు చిరుగుతాయి. ఎక్కువగా దెబ్బతినే చోట్లు రెండు: కార్నియా, ఐరిస్ కలిసే మూల ఒకటి, రెటీనా అంచు రెండోది.

ముందు మూల సంగతి చూద్దాం. కంటి లోపల నిరంతరం ఊరే పలుచని ద్రవం బయటికి పోయే కాలువ ఇక్కడే ఉంది. దానికి జల్లెడ లాంటి కణజాలం అడ్డుగా ఉంటుంది. ద్రవం ఊరే వేగం, పోయే వేగం సమానంగా ఉన్నంతకాలం కంటి పీడనం మామూలుగా 10 నుంచి 21 మిల్లీమీటర్ల పాదరసం మధ్య ఉంటుంది. దెబ్బకు ఈ మూల చిరిగితే రక్తం కారి కార్నియా వెనక చేరుతుంది. దీన్ని హైఫీమా అంటారు. రెండో రోజు నుంచి అయిదో రోజు లోపు మళ్లీ రక్తం కారే ప్రమాదం ఉంటుంది కాబట్టి ఆ వారం డాక్టర్లు తరచుగా రమ్మంటారు. తర్వాత రక్తం ఇంకిపోతుంది, చూపు తిరిగి వస్తుంది, అందరూ ఊపిరి పీల్చుకుంటారు.

చిరిగిన మూల మాత్రం అలాగే ఉంటుంది. డాక్టర్లు యాంగిల్ రిసెషన్ అని పిలిచే ఈ చిరుగు, హైఫీమా వచ్చిన కళ్లలో సగానికి పైగా ఏదో ఒక మేరకు కనిపిస్తుంది. కాలక్రమంలో జల్లెడ గట్టిపడి, మచ్చకట్టి, ద్రవం పోయే దారి ఇరుకవుతుంది. పీడనం మెల్లగా పెరిగి దృశ్యనాడిని నలిపేస్తుంది. అదే గ్లాకోమా, వాడుకలో నీటికాసులు. యాంగిల్ రిసెషన్ ఉన్నవాళ్లలో పదేళ్లలో వందకు ఆరు నుంచి తొమ్మిది మందికి ఇది వస్తుందని వైద్య గ్రంథాల అంచనా. కొందరికి మొదటి ఏడాదిలోనే వస్తే, మరికొందరికి పదేళ్లు దాటాక బయటపడుతుంది. పదిహేనేళ్ల వయసులో తగిలిన బంతిని ముప్పై ఏళ్ల మనిషి గుర్తుపెట్టుకోడు. నొప్పి ఉండదు. చూపు అంచుల నుంచి తరుగుతుంది, ఆ లోటును రెండో కన్ను పూడ్చేస్తుంది. ఒక రోజు మంచి కన్ను మూసుకుని చూస్తే తప్ప తేడా తెలియదు.

ఆ మూలను చూడటంలో ఒక భౌతికశాస్త్ర చిక్కు ఉంది. టార్చి వేసినా, మైక్రోస్కోపు పెట్టినా అది బయటికి కనిపించదు. అక్కడి నుంచి వచ్చే కాంతి కార్నియాను దాటి గాలిలోకి రాబోయేటప్పుడు చాలా వాలుగా తగులుతుంది. కార్నియా వక్రీభవన గుణకం 1.376 కాబట్టి సందిగ్ధ కోణం దాదాపు 47 డిగ్రీలు. అంతకన్నా వాలుగా వచ్చిన కాంతి మొత్తం లోపలికే పరావర్తనం చెందుతుంది. ఇంటర్మీడియట్‌లో ఆప్టికల్ ఫైబర్ పాఠంలో చదివిన సంపూర్ణాంతర పరావర్తనమే ఇది. అందుకే డాక్టర్లు కంటికి ఒక ప్రత్యేక లెన్స్ ఆనించి, గాలి పొరను తప్పించి, దానిలోని అద్దం ద్వారా మూలను చూస్తారు. గోనియోస్కోపీ అంటే ఇదే. గాయమైన కొత్తలో కంటిని ఇలా ఒత్తితే మళ్లీ రక్తం కారవచ్చు, కాబట్టి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు ఆగి చేస్తారు.

ఆరో వారానికి రమ్మన్న తేదీకి కారణం ఇదన్నమాట. ఆ రోజు వెళ్లకపోతే మూల ఎంత మేర చిరిగిందో ఎవరికీ తెలియదు. చిరుగు సగం వృత్తం, అంటే 180 డిగ్రీలు దాటితే గ్లాకోమా ముప్పు ఎక్కువ. ఎవరికి జీవితాంతం గట్టి నిఘా కావాలో, ఎవరికి ఏడాదికోసారి పీడనం చూస్తే చాలో తేల్చేది ఆ ఒక్క పరీక్షే.

రెటీనా అంచు చిరిగినప్పుడు కథ కొంచెం వేరు. చిన్న వయసులో కంటి లోపలి విట్రియస్ జెల్లీ గట్టిగా ఉంటుంది. చిరిగిన రెటీనాను అదే గోడకు అదిమిపెట్టి ఉంచుతుంది. నెలలు గడిచాక జెల్లీ పలచబడుతుంది, ద్రవం చిరుగులోంచి రెటీనా వెనక్కి జారుతుంది, రెటీనా ఊడుతుంది. 1960లలో బోస్టన్‌లో చార్లెస్ షెపెన్స్ బృందం మొద్దు దెబ్బల వల్ల రెటీనా ఊడిన కేసులను పరిశీలించింది. వెంటనే కనిపించినవి 12% మాత్రమే. నెల లోపు 30%, ఎనిమిది నెలల్లోపు సగం, రెండేళ్లలోపు 80% బయటపడ్డాయి. చిరుగు దశలోనే పట్టుకుంటే ఓపీలోనే లేజర్‌తో చుట్టూ అతుకు వేసి పంపిస్తారు. ఊడిపోయాక పెద్ద ఆపరేషన్, రోజుల తరబడి తల ఒకే భంగిమలో ఉంచడం, సిలికాన్ ఆయిల్ నింపితే దాన్ని తీయడానికి ఇంకో ఆపరేషన్. ఇంత చేసినా మునుపటి చూపు రాకపోవచ్చు.

రెండో కన్ను, పిల్లల కన్ను

కంటిగుడ్డు చీలిన గాయాల్లో అరుదైన మరో ముప్పు ఉంది. కంటి లోపలి కొన్ని ప్రొటీన్లు శరీర రోగనిరోధక వ్యవస్థకు మామూలుగా ఎదురుపడవు. గుడ్డు చీలినప్పుడు అవి బయటపడితే, ఆ వ్యవస్థ వాటిని పరాయివిగా భావించి రెండు కళ్ల మీదా దాడిచేయవచ్చు. సింపథెటిక్ ఆఫ్తాల్మియా అంటారు దీన్ని. చీలిక గాయాల్లో వెయ్యికి రెండు నుంచి అయిదు కేసుల్లో కనిపిస్తుంది. వచ్చేవాటిలో 80% మూడు నెలల్లోపు, 90% ఏడాదిలోపు వస్తాయి. మొదటి లక్షణాలు చాలా మామూలువి: మంచి కంటికి వెలుతురు పడకపోవడం, దగ్గరి అక్షరాలు మసకబారడం. అప్పుడే స్టెరాయిడ్ చికిత్స మొదలుపెడితే చూపును నిలుపుకోవచ్చు. లూయీ బ్రెయిల్ మూడేళ్ల వయసులో తండ్రి తోలుపని కొట్టులో ఆరెతో ఆడుకుంటూ ఒక కంటిని పొడుచుకున్నాడు. అయిదేళ్లకు రెండు కళ్లూ పోయాయి. అది ఈ జబ్బే అయి ఉంటుందని చాలామంది వైద్యులు భావిస్తారు.

ఎనిమిదేళ్లలోపు పిల్లల విషయంలో ఇంకో తొందర ఉంది. కుట్లు బాగా పడ్డాయి, శుక్లం తీశారు, లెన్స్ వేశారు. అయినా ఆ కంటి నుంచి స్పష్టమైన బొమ్మ అందకపోతే మెదడు దాన్ని పక్కన పెట్టేస్తుంది. తర్వాత కన్ను ఎంత బాగుచేసినా ఉపయోగం తక్కువ. సరైన అద్దాలు, మంచి కంటికి రోజూ కొన్ని గంటలు పట్టీ, నెలనెలా పరీక్ష, ఇవన్నీ ఆపరేషన్‌తో సమానమైన చికిత్స. తల్లిదండ్రులకు ఈ మాట చెప్పడానికి రద్దీ ఓపీలో రెండు నిమిషాలైనా దొరుకుతున్నాయా అన్నది వేరే ప్రశ్న.

2025 దీపావళికి మధ్యప్రదేశ్‌లో, ముఖ్యంగా భోపాల్‌లో, పైపులతో చేసిన కార్బైడ్ తుపాకులు వందలమంది కళ్లను గాయపరిచాయి. ఎక్కువమంది పిల్లలే. కాల్షియం కార్బైడ్‌కు నీళ్లు తగిలితే ఎసిటిలీన్ వాయువు పుడుతుంది, మిగిలేది సున్నం. పేలుడు వేడి ఒకటైతే కంట్లో పడే క్షారం రెండోది. క్షారం కార్నియా అంచున ఉండే మూలకణాలను చంపేస్తుంది. ఆ కణాలు లేకపోతే కార్నియా పైపొర పునరుద్ధరణ ఆగిపోయి, తెల్లటి పొర కమ్ముకుంటుంది. దీనికి హైదరాబాద్ ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో డాక్టర్ వీరేందర్ సాంగ్వాన్ బృందం 2012లో ఒక సులువైన పద్ధతిని ప్రకటించింది. రెండో కంటి అంచు నుంచి దాదాపు రెండు మిల్లీమీటర్ల ముక్క తీసి, చిన్న చిన్న తునకలు చేసి, దెబ్బతిన్న కంటి మీద ఉమ్మనీటి సంచి పొరపై నాటుతారు. ప్రయోగశాలలో కణాలు పెంచాల్సిన పని లేదు. సాంగ్వాన్ తర్వాత ఢిల్లీ ష్రాఫ్స్ ఆసుపత్రికి వచ్చారు. అయితే ఈ ఆపరేషన్ గాయమైన వారంలో చేసేది కాదు. వాపు పూర్తిగా చల్లారడానికి నెలల తరబడి ఆగాలి. ఆ నెలల్లో ఆసుపత్రితో సంబంధం తెంచుకున్న మనిషికి ఇలాంటి అవకాశం ఉందని కూడా తెలియదు.

ఎంత ఖర్చవుతుంది?

ప్రభుత్వ ఆసుపత్రుల్లో పరీక్షకు పెద్దగా డబ్బు కట్టనక్కర్లేదు కాబట్టి ఖర్చు లేదనుకుంటాం. అసలు ఖర్చు వేరేచోట ఉంది. రెటీనా చూడాలంటే కంటిపాపను పెద్దదిచేసే చుక్కలు వేస్తారు. నాలుగైదు గంటలు దగ్గరి చూపు మసకగా, వెలుతురు భరించలేకుండా ఉంటుంది. బండి నడపకూడదు, మిషన్ ముందు కూర్చోకూడదు. అంటే ఒక రోజు పని పోయినట్టే. తోడు వచ్చినవాళ్లదీ పోతుంది.

ముతక లెక్క ఒకటి వేద్దాం. 2024 అక్టోబరులో ఢిల్లీలో నైపుణ్యం లేని కార్మికుడి కనీస వేతనం నెలకు రూ. 18,066గా ఉండేది. నెలకు 26 పనిదినాల చొప్పున రోజుకు రూ. 695. మనిషికి, తోడుకు కలిపి ఒక్క రాకకు రూ. 1,390. హైఫీమా తగ్గాక మొదటి ఏడాదిలో అయిదుసార్లు వెళ్లారనుకుంటే రూ. 6,950. నెల జీతంలో మూడోవంతు దాటింది. ఆ తర్వాత ఏడాదికోసారి చొప్పున తొమ్మిదేళ్లకు రూ. 12,510. పదేళ్లకు మొత్తం రూ. 19,460, రమారమి ఒక నెల జీతం. బస్సు, మెట్రో చార్జీలు అదనం. చాలామందికి కనీస వేతనం కూడా అందదన్నది తెలిసిన విషయమే. ఓపీకి సెలవడిగితే మర్నాడు పనిలో ఉంచుతారో లేదో అన్న భయం ఏ లెక్కకూ అందదు.

ఇప్పుడు అవతలి వైపు. చట్టం ఒక కంటి చూపుకు ధర కట్టింది. 1923 నాటి ఉద్యోగుల నష్టపరిహార చట్టం ప్రకారం, రెండో కన్ను బాగుండి ఒక కంటి చూపు పోతే సంపాదనా సామర్థ్యంలో నష్టాన్ని 30%గా లెక్కించేవారు. లెక్కకు తీసుకునే నెల వేతనం పరిమితి రూ. 15,000గా ఉండేది. ముప్పై ఏళ్ల మనిషికి ఈ పద్ధతిలో వచ్చేది సుమారు రూ. 5.6 లక్షలు. కంటి విలువ అంతేనా అంటే ఎవరూ ఒప్పుకోరు. కనీసపు కొలతగా తీసుకుందాం.

యాంగిల్ రిసెషన్ ఉన్న వందమంది పదేళ్లపాటు తిరిగితే అందరికీ కలిపి ఖర్చు రూ. 19.46 లక్షలు. అందులో ఆరు నుంచి తొమ్మిది మందికి గ్లాకోమా దొరుకుతుంది. ఒక్కో కేసును పట్టుకోవడానికి రూ. 2.2 లక్షల నుంచి రూ. 3.2 లక్షలు. దొరికిన ప్రతి కన్నూ గుడ్డిదయ్యేది కాదు, మందులు ప్రతి కంటినీ కాపాడలేవు కూడా. మరోవైపు అదే రాకల్లో రెటీనా చిరుగులు, శుక్లాలు కూడా దొరుకుతాయి. సమాజం మొత్తంగా చూస్తే బేరం మంచిదే. వ్యక్తిగా చూస్తే, వందలో తొంభైకి పైగా మనుషులు నెల జీతం పోగొట్టుకుని "అంతా బాగానే ఉంది" అన్న మాట విని ఇంటికొస్తారు. మానేసినవాళ్లను నిర్లక్ష్యం చేశారని తిట్టేముందు ఈ లెక్క చూడాలి. లాభం సమాజానిది, ఖర్చు దినకూలీది.

ఇ.ఎస్.ఐ. పరిధిలో ఉన్న కార్మికుడికి పనిలో గాయమైతే తాత్కాలిక అశక్తత కాలానికి వేతనంలో 90% వస్తుంది. నెలకు రూ. 21,000 లోపు జీతమున్న నమోదిత ఉద్యోగులకే ఇది. దినకూలీకి నమోదే లేదు. ఒక కన్ను పూర్తిగా పోయినా రెండోది బాగుంటే వైకల్యం 30%గానే లెక్కిస్తారు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం కింద ముఖ్యమైన ప్రయోజనాలకు గీసిన గీత 40%. అటు ఉద్యోగం చేయలేక, ఇటు సర్టిఫికెట్ రాక మధ్యలో ఉండిపోయేది ఈ ఒంటికంటి మనుషులే.

దూరం తగ్గించే మార్గాలు

ఈ ఖర్చులో తగ్గించడానికి వీలున్నది ప్రయాణం, పోయిన రోజు. ఆరో వారంలో గోనియోస్కోపీ నిపుణుడే చేయాలి, రెటీనా అంచు కూడా నిపుణుడే చూడాలి. ఆ తర్వాత ఏడాదికోసారి పీడనం కొలవడానికి ఎయిమ్స్ దాకా రానవసరం లేదు. ఎల్.వి.ప్రసాద్ సంస్థ తెలుగు రాష్ట్రాల పల్లెల్లో సుమారు 50 వేల జనాభాకు ఒక విజన్ సెంటర్ పద్ధతిని నడిపిస్తోంది. శిక్షణ పొందిన స్థానిక టెక్నీషియన్ చూపు, పీడనం చూసి, తేడా ఉంటేనే పైకి పంపుతారు. ఢిల్లీ బస్తీల్లోనూ ఇలాంటి ప్రాథమిక కేంద్రాలు ఉన్నాయి. గాయాల రోగులను పేరుపేరునా వాటికి అప్పగించే ఏర్పాటు, తేదీ దాటితే ఒక ఫోన్, అదీ రోగి మాట్లాడే భాషలో, ఇవి ఖరీదైన పనులేమీ కావు. బీహార్ నుంచో శ్రీకాకుళం నుంచో వచ్చిన కూలీ నాలుగు నెలలకు ఊరు వెళ్లిపోతే ఢిల్లీ ఆసుపత్రి కంప్యూటర్‌లోని రికార్డు అతని వెంట రాదు.

అందుకని డిశ్చార్జి రోజు చేతికిచ్చే కాగితం మీద అయిదు సంగతులు ఉండేలా అడిగి రాయించుకోవాలి. ఏ కంటికి, ఏ రకం గాయం. ఆ రోజు చూపు, పీడనం ఎంత. మూల చిరిగిందా, ఎన్ని డిగ్రీలు. రెటీనా అంచు మొత్తం చూశారా. లోపల లోహపు ముక్క ఏదైనా మిగిలిందా. చివరిది ఎమ్.ఆర్.ఐ. తీసేవాళ్లకు తప్పనిసరిగా చెప్పాలి, అయస్కాంత క్షేత్రంలో ఇనుప తునక కదిలి కంటిని చీల్చగలదు. ఆ కాగితాన్ని ఫోన్‌లో ఫొటో తీసుకుని ఇంట్లో ఇంకొకరికి కూడా పంపి ఉంచితే, పదేళ్ల తర్వాత ఏ ఊళ్లో ఏ డాక్టరు ముందు కూర్చున్నా పనికొస్తుంది. ఈలోగా మెరుపులు, నల్లటి చుక్కల వాన, తెర పడినట్టు నీడ, మంచి కంటికి వెలుతురు పడకపోవడం వంటివి కనిపిస్తే రాసిచ్చిన తేదీ కోసం ఆగకుండా అదే రోజు వెళ్లాలి.